సారు ఇచ్చిన మర్యాద

ఆయన బతికి ఉండగా ఇది రాయకూడదని అనుకున్నాను. ఆయన ఆటో నడిపేవాడు, మొన్న వేసవిలో పోయాడు. ఆయన భార్య అంతకు చాలా ఏళ్ళ ముందే పోయింది. నేను రాస్తున్నది ఆమె గురించి. ఆమె నాకు చుట్టం కాదు. ఇద్దరం ఒకే దుకాణంలో పనిచేశాం, నేను కింద బిల్లింగ్ కౌంటర్లో, ఆమె పైన ప్యాకింగ్‌లో. ఆమె నన్ను చెల్లె అనేది. నేను అక్కా అనేదాన్ని. ఆమె పోయినప్పుడు పుప్పాలగూడలో వాళ్ళింటి ముందు నిలబడితే, ఎవరో ముసలామె "నువ్వు ఏమైతవ్ బిడ్డా?" అని అడిగింది. ఏమీ కానని చెప్పలేక, కలిసి పనిచేశామని చెప్పాను.

తొంభైల చివరి సంవత్సరాలవి. మాదాపూర్ దాటాక అప్పటిదాకా బండలూ సీతాఫలం పొదలూ ఉన్న చోట కంపెనీల భవనాలు లేస్తున్నాయి. ఊళ్ళో అప్పటికే కొన్ని దుకాణాలున్న ఒక సంస్థ, కొండాపూర్ రోడ్డు మీద కొత్త సూపర్ మార్కెట్ తెరిచింది. మా నాన్న ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి శేరిలింగంపల్లిలో అద్దెకుండేవాళ్ళం. డిగ్రీ అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం అది. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడగలిగిన మాలాంటి వాళ్ళని కింద ఏసీలో కూర్చోబెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళని పైన రేకుల కింద ప్యాకింగ్‌లో పెట్టారు. పప్పులు జల్లించడం, తూకం వేయడం, కారం పసుపు కవర్లలో నింపి సీలు వేయడం వాళ్ళ పని. కారం నింపే రోజు మెట్ల దాకా దగ్గులు వినిపించేవి.

మధ్యాహ్నాలు దగ్గర్లో ఎక్కడో బండలు పేల్చేవాళ్ళు. ముందు ఈల వినిపించేది. ఈల వినగానే నూనె సీసాల దగ్గర నిలబడే అమ్మాయి రెండు చేతులూ చాపి సీసాలకు అడ్డం పెట్టేది. కొనడానికి వచ్చినవాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు, మేము పడేవాళ్ళం కాదు. ఏ చప్పుడు తర్వాత ఏది వస్తుందో తెలిస్తే మనిషికి భయం పోతుందని అప్పట్లో అనుకునేదాన్ని. అది నిజం కాదని ఆ దుకాణంలోనే తెలిసింది.

మా మేనేజరును అందరం సారు అనేవాళ్ళం. ఆయన మా కోస్తా వైపు మనిషే. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. రోజూ షట్టర్ తీయకముందు అందరినీ వరసగా నిలబెట్టి ప్రార్థన చేయించేవాడు. ఆ తర్వాత "మనది కంపెనీ కాదు, కుటుంబం" అనేవాడు. ఆడవాళ్ళని "ఏమ్మా, నువ్వు" అనీ మగవాళ్ళని "ఏరా" అనీ పిలిచేవాడు. అందులో ఎవరికీ తప్పు తోచలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు పిలిచేదీ అలాగే కదా.

జీతం తక్కువ. అందులోంచి యూనిఫారం చీరలకు కోత, సరుకు తరుగు వస్తే తలా ఇంత కోత. ఒక్క కోతకు మాత్రం ఎవరూ సణిగేవాళ్ళు కాదు. అది దవాఖాన కార్డు కోత. మేమంతా దాన్ని అలాగే అనేవాళ్ళం. కార్మికుల బీమా అది. ఆ కోత కొన్ని నెలలపాటు ఎడతెగకుండా పడితే, పెద్ద ఆపరేషనయినా బీమా వాళ్ళే చేయిస్తారని మాకు చెప్పారు. మధ్యలో తెగితే మళ్ళీ మొదటి నుంచి. అక్క ఆ పనిలో చేరింది ఆ కార్డు కోసమే.

చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి ఆమె గుండెలో ఒక కవాటం పాడైంది. పెద్దయ్యాకగాని తెలియలేదు. టీ వేళ మెట్ల మీద కూర్చున్నప్పుడు ఆ సంగతి నాకు చెప్పింది.

"గుండెల తలుపులుంటయట చెల్లె. అండ్ల ఒకటి సక్కగ పడ్తలేదట. పోయిన నెత్తురు మల్ల ఎనుకకు మర్రొస్తదట."

"బాగుచేసే వాళ్ళుంటారు కదక్కా?"

"ఎందుకుండరు! గని గా తలుపు గూడ మీ ఆఫీసర్ల ఇండ్ల తలుపు లెక్కనే. ఉత్తగ కొడితె తియ్యరు." అని తనే నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చేది. నవ్వడం మానేది కాదు.

ఆపరేషన్ ఆలస్యం చేయొద్దని డాక్టరు చెప్పాడు. ఆమె భర్త ఏడు సీట్ల ఆటో నడిపేవాడు. ఆ ఆటో కిస్తులే ఇంకా తీరలేదు. కార్డు తప్ప వేరే దారి లేదు. ఈ విషయం పైన ఉన్న ఆడవాళ్ళకూ నాకూ తెలుసు. సారుకు తెలియకూడదు. ఎందుకంటే ఆరోగ్యం బాగాలేని వాళ్ళకు రెస్టు ముందుగా వచ్చేది.

రెస్టు అంటే ఏమిటో చెప్పాలి. కొన్నాళ్ళు పనిచేసిన వాళ్ళని సారు క్యాబిన్‌లోకి పిలిచి, "చాలా కష్టపడ్డారు, కొన్నాళ్ళు రెస్ట్ తీసుకోండి" అని ఇంటికి పంపేవాడు. మొదట రెస్టు వచ్చింది ప్యాకింగ్‌లో ఒకామెకు. ఆమె సంబరపడింది. దుకాణంలోనే యాపిల్ పండ్లు కొనుక్కుని తల్లిగారింటికి వెళ్ళింది. తిరిగి వచ్చాక ఆమె చేత కొత్తగా దరఖాస్తు పెట్టించి, కొత్త బ్యాడ్జీ ఇచ్చి, చేరినప్పటి జీతానికి పెట్టుకున్నారు. కార్డు కోత కూడా మొదటి నుంచి. ఎవరూ పర్మనెంట్ కాకుండా, ఎవరికీ బోనస్ లెక్క కట్టకుండా చూసే పద్ధతి అది. పద్ధతి హెడ్డాఫీసుది, రెస్టు అన్న మాట మాత్రం సారుది. రెండో మనిషిని తిరిగి తీసుకోలేదు. ఆమె కొన్నాళ్ళు దుకాణం ముందుకు వచ్చి, మేము లోపలికి వెళ్ళేటప్పుడు పలకరించి, ఇంటికి పోయేది. తర్వాత రావడం మానేసింది.

దీనికి ఒక గుర్తు ఉందని మెల్లగా అందరికీ తెలిసింది. రెస్టు ఇవ్వబోయే మనిషిని సారు నువ్వు అనేవాడు కాదు. పేరు చివర గారు చేర్చి, మీరు అనేవాడు. కూర్చోండి అనేవాడు. టీ తెప్పించేవాడు. ఎందుకలా మారేవాడో నాకు తెలియదు. గొడవ లేకుండా పంపమని పైనుంచి చెప్పి ఉంటారు. కొంత సిగ్గు కూడా అయి ఉండవచ్చు. కానీ పైన ఉన్న ఆడవాళ్ళలో చాలామందిని పుట్టి బుద్ధెరిగాక బయటివాళ్ళెవరూ మీరు అని ఉండరు. ఆ మాట వాళ్ళు మొదటిసారి విన్నది ఆ క్యాబిన్‌లో.

పైన అదొక ఆట అయింది. టీ తేవడానికి వెళ్ళిన మనిషి గుమ్మంలో నిలబడి, "ఏమండీ వదినగారూ, తమరు టీ తాగుతారాండీ?" అని మా కోస్తా యాసలో దీర్ఘం తీసేది.

"నీ నోట్ల మన్నువడ! నన్ను ఒసేయ్ అనవే," అని అవతలామె జల్లెడ ఎత్తేది.

"అట్ల కాదండీ, తమరు పెద్దవారండీ."

"పెద్దదాన్ని కాదు, ఏం కాదు. ఇంకొక్కసారి అండీ అన్నవంటె కారం జల్లుత సూడు."

నేను పైకి వెళితే నా వంతు వచ్చేది. అండీ నా నోట సహజంగా వచ్చే మాట. అక్క నా చేతిలోని గ్రంథాలయం పుస్తకం లాక్కుని, "దీంట్ల గూడ ఎవలన్న సస్తరా చెల్లె? నువ్వు సదివేటియన్ని గట్లనే ఉంటయేంది?" అనేది. చివరి పేజీలు తిప్పి, చదవడం రాకపోయినా చాలాసేపు చూసి ఇచ్చేది.

కార్డుకు కావలసిన నెలలు దగ్గర పడుతున్నాయి. ఆమెకు రెస్టు వచ్చే గడువూ దగ్గర పడుతోంది. ఏది ముందు వస్తుందో చెప్పగలిగిన వాళ్ళు లేరు. ఆమె మెట్లు ఎక్కడం కష్టమైంది. సారు రాకముందే వచ్చి, ఆగి ఆగి ఎక్కి, పైన కూర్చుని ఊపిరి సర్దుకునేది. మిగతావాళ్ళు బరువు బస్తాలు తమ వైపు లాక్కునేవాళ్ళు. ఎవరూ ఎవరికీ చెప్పుకోకుండానే అది జరిగింది.

అప్పుడు ఆమె భర్త దుకాణానికి వచ్చాడు.

ఆమెకు చెప్పకుండా వచ్చాడు. తెల్లచొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. నా కౌంటర్ ఎదురుగానే సారు క్యాబిన్, సగం దాకా అద్దం. మాటలు వినిపించవు గాని మనుషులు కనిపిస్తారు. ఆయన లోపలికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏదో చెప్పాడు. చెబుతూ ఒకసారి ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపించాడు. అప్పుడు సారు లేచి నిలబడ్డాడు. కుర్చీ జరిపాడు. ఆయన కూర్చోకుండా మొహమాటపడితే భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. బెల్లు కొట్టాడు. కాసేపటికి టీ వెళ్ళింది. నా ముందు వరసలో ఉన్న మనిషి సబ్బులు నా వైపు తోస్తూ, "మేడమ్, బిల్లు," అని రెండుసార్లు అన్నాడు.

బయటికి వచ్చాక ఆయన నా దగ్గరకి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"చెల్లె, ఇగ ఫికర్ లేదు. మీ సారు మస్తు మంచోడు."

"ఏమన్నారన్నా?"

"అంత చెప్పిన. గుండె సంగతి, ఆపరేషన్ సంగతి, కార్డు సంగతి, అన్ని. జర గా రెస్టు ఇయ్యకుండ్రి సార్, మా మనిషి బతుకుతది అన్న. మీరేం పరేషాన్ గాకండి, మేం చూసుకుంటం అన్నడు. గారు అన్నడు చెల్లె నన్ను! కుర్సీ ఏసిండు. మా నాయిన తాసిల్ ఆఫీసుల చుట్టు జిందగంత తిరిగిండు, ఒక్కడన్న కుర్సీ ఏసిండా?"

నేనేమన్నానో గుర్తు లేదు. ఏదో అని ఉంటాను. ఆయన ఆటో స్టార్ట్ చేసి మెహదీపట్నం వైపు వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం పైకి వెళ్ళి అక్కతో చెప్పాను. చెప్పకుండా ఉండే వీలు లేదు. అందరూ విన్నారు. వాళ్ళలో పెద్దామె తూకం ఆపి అడిగింది.

"గారు అన్నడా?"

"అన్నారట."

"కుర్సీ?"

"వేశారు. నేను చూశాను."

"చాయ్?"

"టీ కూడా."

ఆమె మళ్ళీ తూకం రాయి అందుకుంది గాని వేయలేదు. అక్క చేతిలోని కవరుకు సీలు వేసి పక్కన పెట్టింది. తర్వాత, "మొగనికి గారు అంటె పెండ్లానికి రెస్టు వస్తదా? గట్లేం లేదు గద?" అంది. ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

నేను దిగి వస్తుంటే అక్క నా వెనకే రెండు మెట్లు వచ్చి చెయ్యి పట్టుకుంది.

"మీ అన్నతోని ఏం అనకు చెల్లె. రెస్టు వస్తె వచ్చె. గని తను వొయ్యి చెప్పవట్టే వచ్చిందని ఆయనకు ఎరికైతె ఇగ బతకడు. నాకు ఒట్టెయ్యి."

ఒట్టు వేశాను.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో ఎవరికయినా చెబితే నవ్వుతారు. ఆమె రోజూ తిట్లకోసం ఎదురుచూసింది. సారు పైకి వచ్చి "ఏమ్మా, నువ్వింకా ఆ బస్తా దగ్గరే ఉన్నావా?" అంటే ఆ పూట ఆమె ప్రాణం కుదుటపడేది. కిందికి కబురు పంపేది, తిట్టాడని. ఒకరోజు కావాలని నాలుగైదు కవర్లకు సీలు వంకరగా వేసి, సారు నడిచే దారిలో కుప్ప మీద పెట్టింది. ఆయన ఒకటి ఎత్తి చూసి, "కళ్ళు కనబడట్లేదా నీకు?" అన్నాడు. ఆ సాయంత్రం ఆమె షట్టర్ దగ్గర నన్ను చూసి, "ఇయ్యాల మస్తు తిట్టిండు చెల్లె, నీకు నీకు అన్నడు" అని చెప్పింది. ఆటోలో ఆమె భర్త ఆ మాట విని, ఏమీ అర్థం కాక, మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశాడు.

ఒక ఉదయం ప్రార్థన అయ్యాక, కుటుంబం మాట కూడా చెప్పాక, సారు చేతిలోని కాగితం చూసి ఆమె పేరు చదివాడు. పేరు తర్వాత గారు అన్నాడు. "ఒకసారి క్యాబిన్‌లోకి వస్తారా అండి," అన్నాడు.

వరసలో ఉన్నవాళ్ళం ఎవరమూ తల తిప్పలేదు. ఆమె కొంగు సర్దుకుని ఆయన వెనక వెళ్ళింది. లోపల ఏం జరిగిందో ఆమె తర్వాత చెప్పింది.

సారు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. "మీ ఆయన అన్నీ చెప్పారండి. ఇలాంటి పరిస్థితిలో మీరు పనిచేయడం మాకే తప్పండి. ఆరోగ్యం కంటే ఏముందండి? రెస్ట్ తీసుకోండి," అన్నాడు.

"రెస్టు ఇస్తె కార్డు తెగుతది సార్. ఇంక కొన్ని దినాలే ఉన్నది సార్."

"అదంతా హెడ్డాఫీసు చూసుకుంటుందండి. మీరు మా ఇంటి మనిషి."

ఆమె చేతులు జోడించి, "సార్, మీరు నన్ను నువ్వు అనుండ్రి సార్. మీ కాల్మొక్త, నువ్వు అనుండ్రి," అంది.

సారు దాన్ని వినయం అనుకున్నాడు. నవ్వాడు. "అయ్యో, అలా ఎలాగండి," అన్నాడు.

ఇది చెప్పేటప్పుడు ఆమె ఏడవలేదు. ఆయన గొంతును అచ్చంగా దించింది, మేము టీ వేళ ఆడుకున్నప్పటిలాగే. అందరం విన్నాం, ఎవరమూ నవ్వలేదు.

రెస్టు రోజుల్లో ఒక ఆదివారం పుప్పాలగూడ వెళ్ళాను. ఆమె గోడకు దిండు పెట్టుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడదట. బీమా ఆసుపత్రిలో, కోత తెగింది కాబట్టి ఆపరేషన్‌కు పేరు రాయలేమని చెప్పారు. అక్కడి వాళ్ళ తప్పేమీ లేదు, నిబంధన అది. రెస్టు హెడ్డాఫీసు ఇచ్చిందని ఆమె ఇంట్లో చెప్పింది. ఆమె భర్త నాకు కుర్చీ తెచ్చి వేస్తూ, "సారు తోని మల్ల మాట్లాడుతనంటే ఇది వద్దంటున్నది చెల్లె. గంత మంచిగ మాట్లాడిండు గద, ఇంకొకసారి వొయ్యి అడిగితె ఏం పోతది?" అన్నాడు.

"పోవద్దు," అంది ఆమె. "నువ్వు ఏడికి పోకు."

ఆయన వెళ్ళలేదు. ఆమె చివరిదాకా ఆయన్ని ఆ గుమ్మం తొక్కనివ్వలేదు.

ఆమె ఆ ఏటి వానల్లో, ఒక పొద్దున, వాకిట్లో బిందె కింద పెడుతూ పోయింది. నేను అక్కడ లేను. ఆ తర్వాత ఆయన ఎప్పుడైనా గచ్చిబౌలి చౌరస్తాలో ఆటోతో కనబడేవాడు. కిరాయి తీసుకునేవాడు కాదు. పాత సంగతులు మాట్లాడేటప్పుడు సారు కుర్చీ వేసిన మాట తప్పకుండా వచ్చేది. "మనిషి మాత్రం మంచోడు చెల్లె, మన నసీబు బాగలేదు గని," అనేవాడు. నేను రోడ్డు వైపు చూస్తూ వినేదాన్ని. ఆ రెస్టు ఆయన వెళ్ళకపోయినా వచ్చి ఉండేదేమో. కార్డు నెలలు నిండేదాకా ఆగి ఉండేదేమో కూడా. నాకు తెలియదు. హెడ్డాఫీసులో ఎవరికైనా తెలుసో లేదో.

ఆమెను మళ్ళీ పనిలో తీసుకున్నారన్న సంగతి చెప్పాలి. రెస్టు ముగిశాక, వానలకు ముందు, కబురు పెట్టి పిలిచారు. సారు మాట తప్పాడని ఎవరూ అనలేరు. దరఖాస్తు మీద వేలిముద్ర వేయించుకున్నారు. కొత్త బ్యాడ్జీ ఇచ్చారు. కొత్తగా చేరినట్టే కాబట్టి యూనిఫారం చీరల కోత కూడా మళ్ళీ ఉంటుందన్నారు. సారు ఆమెను చూసి, "ఏమ్మా, వచ్చావా? నువ్వు పైకి వెళ్ళు, కందిపప్పు వచ్చింది," అన్నాడు.

నేను కౌంటర్ పక్కనున్న అమ్మాయికి చెప్పి ఆమెతో పాటు మెట్ల దాకా వెళ్ళాను. ఆమె కాళ్ళు ఉబ్బి చెప్పులు సరిపోక, వాటిని చేత్తో పట్టుకుంది. మలుపు దగ్గర ఆగింది. "జర ఆగు చెల్లె," అని మెట్టు మీద కూర్చుంది. పైనుంచి జల్లెడ చప్పుడు వస్తోంది. ఆమె పెదవులు నీలంగా ఉన్నాయి. చాలాసేపటికి ఊపిరి అందింది.

"కార్డు కోత ఇయ్యాల్టి సంది లెక్క వెడ్తరా, నెల మొదటి సంది పెడ్తరా?"

"ఇవాళ్టి నుంచే అక్కా," అన్నాను.

"అయితె ఇయ్యాలది పడ్డట్టే," అని, గోడ పట్టుకుని లేచింది.